బీరువాలో ఇన్హేలర్, ఫైల్లో టీకా కార్డు

చేపా చేపా ఎందుకెండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందనే కథ వినకుండా పెరిగినవాళ్లు మనలో ఉండరు. పోయిన నవంబరులో మా పాప స్కూల్లో నాకు చెప్పిన కథ అచ్చం అలాగే ఉంది. ఇన్హేలర్ ఎందుకివ్వలేదండీ? బీరువాలో ఉంది మేడమ్. బీరువా ఎందుకు తీయలేదు? తాళంచెవి ఆఫీసు మేడమ్ దగ్గరుంది. ఆవిడేరి? ఇవాళ సెలవు. ఇంకో తాళంచెవి లేదా? కరస్పాండెంట్ సార్ దగ్గరుంది, సార్ ఫోన్ ఎత్తట్లేదు. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అనే చీమ దాకా నేను పోలేదు. అంత ఓపికా లేదు, అంత టైమూ లేదు.

పాపకి ఆస్తమా. నేను వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. గేమ్స్ పీరియడ్‌లో దుమ్ములో పరిగెత్తిందట. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగింది. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది. "అమ్మా" అని, ఆగి, "బీరువా" అంది. ఆయమ్మ స్టీలు గ్లాసులో వేడినీళ్లు పట్టుకుని, రెండో చేత్తో దాని వీపు రాస్తూ తను కూడా ఏడుస్తోంది. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఇంకో ఇన్హేలర్ ఉంటుంది. మూత తీసి, ఊపి, స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బాకి బిగించి, ఒక పఫ్, ఐదారు ఊపిర్లు, మళ్లీ ఒక పఫ్. నాలుగోది అయిన కాసేపటికి భుజాలు దిగాయి. "ఆకలేస్తోంది" అంది. అప్పుడు కూర్చున్నాను నేను.

హైదరాబాద్‌లో హబ్సిగూడ నుంచి స్కూలుకి బండి మీద పావుగంట. ఆ రోజు తార్నాక చౌరస్తాలో ఇరుక్కుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను.

స్కూల్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. పిల్లలు మందులు వెంట తెచ్చుకోకూడదు, తెస్తే ఆఫీసులో ఇవ్వాలి అని వాళ్లకో రూలుంది. ఆ రూలు వెనక కూడా ఒక కథ ఉండే ఉంటుంది, ఎవరో పిల్లాడు ఇంకెవరిదో గోలీ చాక్లెట్ అనుకుని మింగి ఉంటాడు. రూలు పెట్టినవాళ్లకి అన్ని మందులూ ఒకటే. జ్వరం గోలీ ఒక పూట ఆగగలదు, ఇన్హేలర్ ఆగలేదు అన్న తేడా ఆ కాగితంలో లేదు.

ఆ రాత్రి ప్రిన్సిపల్ గారికి గట్టిగా ఒక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. తేదీలు కావాలని పాప ఫైలు తీశాను. అందులో టీకా కార్డు కనపడింది. నర్సరీకి ఒకసారి, ఒకటో తరగతిలో స్కూలు మారినప్పుడు ఒకసారి, కరోనా అయ్యాక అన్ని కాగితాలూ మళ్లీ ఇమ్మన్నప్పుడు ఒకసారి, మొత్తం మూడుసార్లు దాన్ని జిరాక్స్ తీయించాను. కార్డులో ఐదేళ్ల గడి ఖాళీగా ఉంది.

మా పాప 2015లో పుట్టింది. డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే డీపీటీ టీకా ఐదేళ్ల బూస్టర్ 2020లో పడాలి. ఆ ఏడు ఎవరం గడప దాటాం? తర్వాత మర్చిపోయాం. ఉత్తరం పక్కన పెట్టేశాను. బీరువా తాళం గురించి వాళ్లని అడిగే నోరు నాకు అప్పుడు లేకుండా పోయింది.

మర్నాటికి నోరు వచ్చిందనుకోండి. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మూడో జిరాక్స్ ఇచ్చింది 2021 చివర్లో. ఆ ఖాళీ గడి అప్పటికే ఉంది. దాని మీదే "సరిచూడబడినది" అని ముద్ర కొట్టి, సంతకం పెట్టి ఫైల్లో పెట్టుకున్నారు. మరి వాళ్లు సరిచూసింది ఏమిటి? కార్డు ఉందా లేదా అన్నది. కార్డులో ఏముందన్నది ఎవరి పనీ కాదు.

నా గొడవంతా ఇక్కడే. మన స్కూళ్లు ఆరోగ్యం పేరుతో కాగితాలు అడుగుతాయి, వాటిని చదవవు. టీకా కార్డుదీ అదే గతి, మందుల రూలుదీ అదే గతి.

ప్రభుత్వ టీకాల పట్టిక ఒకసారి చూడండి. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావలెంట్. 9 నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది, దాంతోపాటే డీపీటీ మొదటి బూస్టర్. అక్కడిదాకా మనల్ని మర్చిపోనివ్వరు. ఏఎన్ఎం అడుగుతుంది, ఆశా వర్కర్ ఇంటికొస్తుంది, పిల్లల డాక్టరు క్లినిక్ నుంచి మెసేజ్ వస్తుంది, అమ్మమ్మ ఫోన్ చేస్తుంది. తర్వాత మిగిలేవి మూడు. 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్, 10 ఏళ్లకు టీడీ, అంటే ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా, 16 ఏళ్లకు ఇంకో టీడీ. ఆ మూడూ పడాల్సింది పిల్లలు స్కూల్లో, కాలేజీలో ఉన్న ఏళ్లలోనే. అప్పటికి అమ్మమ్మ కూడా అడగడం మానేస్తుంది. పొద్దున ఆరింటికి ఎప్‌సెట్ కోచింగ్‌కి పోయే పిల్లకి టీడీ సూది గుర్తుచేసే మనిషి ఎవరున్నారు?

ఒక్క బూస్టర్ పోతే ఏమవుతుందిలే అని మా ఆయన కూడా అన్నారు. డీపీటీలో డి అంటే డిఫ్తీరియా, మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేవాళ్లు. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడకుండా చేస్తుంది, దాని విషం గుండె దాకా పోతుంది. ఎక్కడో పాత పుస్తకాల్లో జబ్బు అనుకుంటాం గానీ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి డాక్టర్లకి ఇది కొత్తేమీ కాదు. చిన్నప్పుడు వేయించుకున్న టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, అందుకే బూస్టర్లు. ఇప్పుడు మన దేశంలో ఈ జబ్బు ఐదేళ్లు దాటిన పిల్లల్లో బాగా కనిపించడానికి కారణం అదే. పసివాళ్లప్పటి సూదులు పడ్డాయి, స్కూలు వయసువి పడలేదు. జబ్బు వచ్చాక ఇచ్చే యాంటీటాక్సిన్ గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే సరుకు కాదు.

మన ఊరి సంగతి తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో తయారైన టీకాలు దేశదేశాలకి పోతాయి. జన్యు పద్ధతిలో తయారుచేసిన (రీకాంబినెంట్) మన దేశపు మొదటి హెపటైటిస్ బి టీకా 1997లో ఇక్కడి శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. అదే ఊళ్లో, ఐదేళ్ల గడి ఖాళీగా ఉన్న జిరాక్సులు ఎన్ని ఫైళ్లలో ఉన్నాయో!

ఈ మాట డల్లాస్‌లో ఉన్న మా అక్కతో అంటే, "మా దగ్గర అయితే ఆఫీసులోంచే వెనక్కి పంపేస్తారే" అంది. నిజమే. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ స్కూల్లో చేరడానికి టీకాలు తప్పనిసరి. మినహాయింపులు మాత్రం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. అక్క పిల్లలు ఇక్కణ్ణుంచి వెళ్లినప్పుడు ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది. మనం 9 నెలలకు వేయించే తట్టు టీకాని అక్కడ లెక్కలోకి తీసుకోలేదు, మొదటి పుట్టినరోజు తర్వాత వేసిందే లెక్కట. మన సర్కారు సూదిలో తట్టు, రుబెల్లా ఉంటాయి, గవదబిళ్లలు ఉండవు. వాళ్లకి మూడూ కావాలి. ఆటలమ్మ టీకా రెండు డోసులు కావాలి. అది మన ప్రభుత్వ పట్టికలోనే లేదు, ప్రైవేటులో వేయించుకోవాల్సిందే. వీసా చేతికొచ్చాక కార్డులు పట్టుకుని క్లినిక్కుల చుట్టూ తిరిగే తెలుగువాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. అయినా అక్క ఒక మాటంది. "విసుగొచ్చింది గానీ, వాళ్లు ప్రతి తేదీ చదివారే. ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా లెక్కపెట్టారు."

ఆ చదవడం నాకు కావాలి. వెనక్కి పంపడం వద్దు.

ఎందుకు వద్దో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబాన్ని చూశాక తెలిసింది. వాళ్లది వనపర్తి వైపు. ఏడేళ్ల కొడుకుని దగ్గర్లో ఉన్న ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో వేద్దామని వెళ్తే టీకా కార్డు లేదని వెనక్కి పంపారు. ఆమె నా దగ్గరికొచ్చి, "సూదులన్నీ ఏపిచ్చినం మేడమ్, పోరని చెయ్యి మీద మచ్చ గూడ ఉంది సూడుండ్రి, కాయిదం వానకి తడిసి పాడైంది" అంది. బీసీజీ మచ్చని సాక్ష్యంగా చూపించింది పాపం. మన ఊళ్లో టీకా పడని పిల్లలు, కార్డు లేని పిల్లలు ఎక్కువగా ఇలాంటి ఇళ్లవాళ్లే. బిల్డింగు పూర్తయ్యేదాకా ఒక చోట, తర్వాత ఇంకో చోట. గేటు దగ్గర ఆపితే వాళ్లు సూది వేయించుకుని రారు, బడే మానేస్తారు. సిద్ధాంతం కొద్దీ టీకాలు వద్దనే పెద్దమనుషులకి ఇంకో స్కూలు ఎప్పుడైనా దొరుకుతుంది.

మన చట్టం కూడా ఆ దారిలో లేదు. దేశమంతటికీ వర్తించేలా ఈ మామూలు టీకాలు లేకపోతే బడిలో చేర్చుకోవద్దనే చట్టం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఉన్నదే పిల్లల్ని లోపలికి తేవడానికి, వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని అందులో స్పష్టంగా రాసుంది. కోవిడ్ టీకాల కేసులో సుప్రీంకోర్టు 2022 మే 2న, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదంది. అలాగని ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం తగిన ఆంక్షలు పెట్టకూడదనీ అనలేదు.

వాచ్‌మన్ కొడుకు సంగతి నేనూ ఆమే వెళ్లి తేల్చుకున్నాం. బుధవారం అర్బన్ హెల్త్ సెంటర్‌లో టీకాల రోజు. ఏఎన్ఎం విసుక్కోలేదు. కార్డు లేకపోతే పడలేదనే అనుకుని వయసుకు తగ్గవి వేసేస్తామని, ఒక డోసు ఎక్కువ పడినా భయం లేదని చెప్పింది. కొత్త కార్డు రాసి, ప్లాస్టిక్ కవర్ కూడా తనే ఇచ్చింది. మొత్తం నలభై నిమిషాలు. స్కూలువాళ్లు వెనక్కి పంపే బదులు "బుధవారం ఫలానా చోటికి వెళ్లండి" అని ఒక చీటీ రాసివ్వొచ్చు కదా? అక్కడ చదివే ఓపిక లేకపోవడం ఒక రకం, మా స్కూల్లో చదవకుండా ముద్ర కొట్టడం ఇంకో రకం.

సంతకాల విషయంలో మనకి ఒక పాత గాయం ఉంది. 2009-10లో అప్పటి ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాని ఒక ప్రాజెక్టు కింద వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కలిసి చేపట్టిన పని అది. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు పెట్టేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారని గొడవైంది. ఆ మరణాలు టీకా వల్లేనని విచారణలో తేలలేదు గానీ, అనుమతి తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తలంటింది. టీకా మంచిదే. మా పాపకీ వేయించబోతున్నాను. కానీ ఆ వార్డెన్ల సంతకాల వల్ల, ఇప్పటికీ ఆ పేరెత్తితే "అమ్మో, ఖమ్మంలో ఏదో అయిందంట కదా" అనేవాళ్లు నాకు తగులుతూనే ఉన్నారు. తల్లికి అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు మిగుల్చుకోబోతే పదిహేనేళ్ల అనుమానం మిగిలింది.

మందుల సంగతికి వస్తాను.

నా స్నేహితురాలు వేరే స్కూల్లో మూడో తరగతి టీచరు. నా బీరువా కథ విని సానుభూతి చూపిస్తుందనుకుంటే నన్నే నిలదీసింది. "నా క్లాసులో 42 మంది. పొద్దున ఏడున్నరకి పారాసిటమాల్ పోసి జ్వరం దించి బస్సెక్కిస్తారు. పదకొండున్నరకి మళ్లీ కాలిపోతుంటుంది. ఫోన్ చేస్తే, అయ్యో పొద్దున బానే ఉంది మేడమ్ అంటారు. పోసిన మందు మాత్రం చెప్పరు. అది తెలియక మేం ఇంకో డోసు పోస్తే?" ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. పారాసిటమాల్ సిరప్ ఒక్క తీరు ఉండదు. ఐదు ఎంఎల్‌కి 125 మిల్లీగ్రాములది ఒకటి, 250 మిల్లీగ్రాములది ఒకటి. సీసాలు రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. డోసు పిల్లల బరువుని బట్టి ఇవ్వాలి, ఆయమ్మ చేతిలో ఉండేది చెంచా. పైగా వానాకాలంలో హైదరాబాద్‌లో ఏ జ్వరం డెంగీయో ఎవరికి తెలుసు? డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రోఫెన్ లాంటివి ఇవ్వకూడదు. మేము మందులు ఇవ్వం అని స్కూలు భయపడటం నాకు అర్థమవుతుంది. పిల్లలకి జ్వరమొస్తే ఇంట్లో ఉంచుకోవడం మన పని. యూనిట్ టెస్టు పోతుందని పంపించడం మనం చేసే పాపం. నేనూ రెండుసార్లు చేశాను.

కానీ ఆస్తమా, షుగర్, ఫిట్స్ ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్లు ఇంట్లో ఉండిపోతే ఏడాదంతా ఉండాల్సిందే. మా పాప క్లాసులో టైప్-1 షుగర్ ఉన్న బాబు ఒకడున్నాడు. మధ్యాహ్నం ఇన్సులిన్ బాత్రూమ్‌లో తలుపేసుకుని వేసుకుంటాడట. "వాడు బాక్సు కంటే ముందు బాత్రూమ్‌కి పోతాడమ్మా" అని మా పాప మామూలుగా చెప్పింది. పదేళ్ల పిల్లాడు, సూది, ఆ తడి నేల, ఆ వాసన. అలాంటి పిల్లలకి క్లాసులో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి వీలివ్వాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లోనే రాష్ట్రాలకి రాసింది. ఆ ఉత్తరం కూడా ఏదో ఒక ఫైల్లో ఉంటుంది, ముద్ర పడి.

సర్కారు బడులని మనం చిన్నచూపు చూస్తాం గానీ, ఈ విషయంలో వాళ్లే నయమనిపిస్తుంది. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురికి ఫిబ్రవరి 10న నులిపురుగుల గోలీ టీచరు ఎదురుగా నమిలించారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చి కళ్లు, పళ్లు, గుండె చూశారు. ఆ పిల్లకి కళ్లద్దాలు వచ్చింది అలాగే. మేము ఏడాదికి లక్ష పైన కట్టే చోట "హెల్త్ చెకప్" అంటే ఎత్తు, బరువు రాసిన రంగుల కార్డు. నాలుగేళ్లుగా అందులో మా పాప బ్లడ్ గ్రూపు తప్పుగానే ఉంది.

ఇంట్లో ఇంకో పోరు ఉంది. స్కూళ్లు తెరిచే వారమే మృగశిర కార్తె వస్తుంది. "ఒక్కసారి నాంపల్లి తీసుకెళ్లి చేప మందు వేయిద్దామే" అని అత్తయ్య ప్రతి జూన్‌లోనూ అడుగుతారు. వద్దత్తయ్యా అంటాను. "పోనీ ఆ గొట్టం మానేస్తుందేమో కదా" అంటారు. ఆ గొట్టం అంటే ఇన్హేలర్. అలవాటైపోతుందని ఆవిడ భయం, ఆడపిల్ల కదా అని ఇంకో భయం. స్కూల్లో బీరువాలో దాయడం, ఇంట్లో చుట్టాలొస్తే ఫ్రిజ్ వెనక దాయడం, నాకు రెండూ ఒకటిలాగే కనిపిస్తాయి. కొర్రమీను పిల్లకి ఉన్న గౌరవం ఇన్హేలర్‌లోని సాల్బుటమాల్‌కి లేదు మా ఇంట్లో.

పాపకి పదేళ్లు నిండాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఐదేళ్ల గడి చూపించాను. ఏడేళ్లు దాటితే డీపీటీ వేయరని, దాని బదులు పెద్ద పిల్లలకి వేసే టీడ్యాప్ వేస్తానని చెప్పి వేశారు. కొంచెం చెయ్యి వాచింది, ఐస్‌క్రీమ్‌తో సర్దుకుంది. ఆయన చేతే ఇంకో కాగితం రాయించుకున్నాను. ఆయాసం వస్తే ఏం కనిపిస్తుంది, ఎన్ని పఫ్‌లు, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఒక్క పేజీ. ఆయమ్మకి అర్థమయ్యేలా తెలుగులో నేను మళ్లీ రాశాను.

జూన్‌లో ఆరో తరగతి కాగితాలతోపాటు అది పట్టుకుని వెళ్లాను. ఇన్హేలర్ పాప బ్యాగులోనే ఉంటుంది, రెండోది క్లాస్ టీచర్ టేబుల్ సొరుగులో తాళం లేకుండా ఉంటుంది అని అడిగాను. అరగంట మాట్లాడాక సరేనన్నారు, కాకపోతే ఒక ఫారం మీద సంతకం పెట్టమన్నారు. అందులో "నా సొంత రిస్కు మీద" అని ఉంది. ఆ మాట కొట్టేసి, "పాఠశాలకు తెలియజేసి" అని రాసి సంతకం పెట్టాను. ఆఫీసు మేడమ్ నా వైపు చూసి, ఫారం వైపు చూసి, తీసుకుంది. ఆయమ్మ మాత్రం కాగితం అడిగి తీసుకుని, స్పేసర్ ఎలా బిగించాలో రెండుసార్లు చేసి చూపించుకుని, "గిట్లనేనా పాపా?" అని మా అమ్మాయినే అడిగింది.

టీకా కార్డు జిరాక్స్ మళ్లీ అడిగారు. నాలుగోసారి. ఈసారి ఐదేళ్ల ఖాళీ గడి చుట్టూ పసుపు హైలైటర్‌తో గీసి ఇచ్చాను. టీడ్యాప్ వేయించిన పేజీ కావాలనే ఇవ్వలేదు. రేపటికి నెలవుతుంది, ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు.